సబ్‌వూఫర్ రింగు లావుంటే సరిపోతదా?

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న కోఠి గుజరాతీ గల్లీల కారుకి సబ్‌వూఫర్, అంటే బేస్ కొట్టే స్పీకర్, కొందామని పోతే షాపాయన 12 ఇంచులది చూపించి "రింగు ఎంత లావుందో చూడన్నా, బేస్ దిమ్మ తిరుగుతది" అన్నడు, చూస్తే నిజంగనే స్కూటర్ ట్యూబులా భలే ఉంది, నేను కూడా పడిపోయిన. కానీ ఆ రింగు, అంటే కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి సరౌండ్, లావైనకొద్దీ లోపల ఊగే గిన్నెలాంటి కోన్ చిన్నదైతది కదా, గాలిని నెట్టే వ్యాసం 10 ఇంచుల నుంచి 9కి దిగితే వైశాల్యం 19 శాతం పోయినట్టే. కోన్ ముందుకీ వెనక్కీ ఎక్కువ దూరం ఊగాలంటే పెద్ద రింగు కావాల్సిందే, కాదనను, అయితే లోపల కోన్‌ని ఊపే కాయిల్, దాన్ని నడిమిట్ల పట్టి ఉంచే స్పైడర్ కూడా అంత దూరం రావాలె, రాకపోతే అది ఉత్త షోకు.

ఇంకోటి, నా పాతదానికి ఫోమ్ రింగు ఉండె. డిక్కీలో ఎండాకాలాలు ఉడికీ ఉడికీ, ఒకరోజు వేలు పెడితే అప్పడం లెక్క పొడైంది. రబ్బరు కొంచెం బరువే గానీ చాలా ఏండ్లు ఆగుతది. షాపోళ్లు రింగు చూపించుడు కాదు, డబ్బా మీద ఎక్స్‌మ్యాక్స్, అంటే కోన్ ఒక్కో దిక్కుకి సరిగ్గా ఊగగలిగే దూరం, ఎన్ని మిల్లీమీటర్లో చూపించమనండి.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్