జీవశాస్త్ర ల్యాబ్‌లోని తెల్లకోటు అమ్మాయికి కృతజ్ఞతలు

సైన్స్ మ్యూజియంలో ప్రయోగాలు చేయించే గదిలో మా పాప చేత తన డీఎన్‌ఏని తానే తీయించారు మీరు. మీ పేరు తెలియదు గానీ, మీకు మనసారా కృతజ్ఞతలు.

డీఎన్‌ఏ అనగానే సూది గుచ్చుతారనుకుని పాప నా వెనక దాక్కుంది. మీరు బతిమాలలేదు, తొందరపెట్టలేదు. ముందు మీరే ఉప్పునీళ్లు పుక్కిలించి గొట్టంలోకి ఉమ్మి చూపించారు. బుగ్గ లోపలి కణాలు ఆ నీళ్లతో ఊడి వస్తాయి, అంతేనమ్మా అన్నారు. దాంతో దాని భయం పోయింది.

తర్వాత కాస్త సబ్బు ద్రావణం. కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వు ఉంటుంది కాబట్టి సబ్బు దాన్ని ఛేదిస్తుందని మీరు చెబితేనే నాకూ తెలిసింది. ఆపైన చల్లటి ఆల్కహాల్‌ని గొట్టం అంచు వెంబడి మెల్లగా జారవిడవాలి. గబుక్కున పోస్తే రెండూ కలిసిపోతాయి. పాప చెయ్యి వణుకుతోంది. మీరు గొట్టాన్ని కాస్త వాల్చి పట్టుకున్నారే తప్ప, డ్రాపర్‌ని దాని చేతిలోంచి తీసుకోలేదు. వెనక అంతమంది పిల్లలు ఎదురుచూస్తున్నా సరే! నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

రెండు ద్రవాల మధ్య తెల్లటి పోగులు లేచాయి.

"ఇది నాదేనా?" అంది.

"అచ్చంగా నీదే," అన్నారు మీరు.

ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ చుట్టుకుని ఉంటుందనీ, 1869లో ఫ్రెడరిక్ మీషర్ కట్లకు అంటిన చీములోని కణాల నుంచి దాన్ని మొదటిసారి వేరుచేశాడనీ మీరు చెప్పిన సంగతులు ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతోంది. చీము దగ్గర మాత్రం గొంతు పెంచుతుంది.

ఈ మాటలు మీ దాకా చేరితే, మా ఇద్దరి నమస్కారాలు అందుకోండి.