2024 వార్షిక నివేదిక: ఈసారి మే చివరి ఆదివారం గురించే ఎక్కువ

హంగరీలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, దీపావళి మూడూ బాగానే జరిగాయి, ఫోటోలన్నీ అప్పుడే గ్రూప్‌లో పెట్టేశాం, హాల్ అద్దె బాకీ ఏమీ లేదు. అందుకే ఈసారి రిపోర్ట్‌లో మే 26 గురించే ఎక్కువ రాస్తున్నా, ఆ రోజు రాలేకపోయినవాళ్ళకి తెలియాలని.

హంగరీలో మే చివరి ఆదివారం అమరవీరుల స్మారక దినం. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే 1917లో, ప్రతి ఊళ్ళో చనిపోయిన సైనికుల పేర్లతో ఒక స్మారకం కట్టాలని చట్టం చేశారు, తర్వాత 1924లో ఇంకో చట్టంతో ఈ ఆదివారాన్ని ఖాయం చేశారు, అంటే ఈ ఏడాదికి సరిగ్గా వందేళ్ళు. రెండో యుద్ధం అయ్యాక కమ్యూనిస్టుల కాలంలో ఇది ఆగిపోయింది, మళ్ళీ 2001లో చట్టం చేసి తెచ్చుకున్నారు. మధ్యలో అన్నేళ్ళు తల్లులు, భార్యలు ఇంట్లోనే తలుచుకుని ఉంటారు కదా, నాకైతే అదే బాధనిపించింది.

బుడాపెస్ట్ హీరోస్ స్క్వేర్‌లో మనం ఫోటోలు దిగే ఆ పెద్ద రాయి కింద ఎవరో సైనికుడి సమాధి ఉందని మనలో చాలామంది అనుకుంటున్నాం. అక్కడ ఎవర్నీ పాతిపెట్టలేదండీ, అది స్మారకం మాత్రమే. దయచేసి పిల్లల్ని దాని మీదకి ఎక్కనివ్వకండి.

మేము మాత్రం అక్కడికి కాకుండా, మనవాళ్ళు కొందరు అద్దెకుంటున్న పక్క ఊరికి వెళ్ళాం. పూలదండ తీసుకెళ్దామని మొదట అనుకున్నాం గానీ ఇక్కడ గుండ్రంగా చుట్టిన పూలచక్రం పెడతారు, కోసొరూ అంటారు, ఇంటి ఓనరమ్మ చెప్తే అదే చేయించి ఎరుపు తెలుపు ఆకుపచ్చ రిబ్బన్ కట్టాం.

ఆ ఊరి స్మారకం రాతి మీద పేర్లు చదవడం మొదలుపెట్టాక ఎవరూ మాట్లాడలేదు. హంగేరియన్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు, అందుకని ఒకే ఇంటిపేరు వరసగా మూడు సార్లు, నాలుగు సార్లు కనిపిస్తుంటే అన్నదమ్ములో, బాబాయి కొడుకులో అని మనకి వెంటనే తట్టేస్తుంది. కొంతమంది 1914-18 వాళ్ళు, కింద రెండో యుద్ధం వాళ్ళు. హంగరీ రెండో సైన్యం అని సుమారు రెండు లక్షల మందిని సోవియట్‌లో డాన్ నది దగ్గరికి పంపారు, 1943 జనవరిలో ఆ మంచులో అది చెల్లాచెదురైపోయింది, ఎంతోమందికి సమాధి కూడా లేదు, ఊళ్ళో రాయి మీద ఉన్న పేరే మిగిలింది.

మనకెందుకండీ ఇదంతా అని మీటింగ్‌లో ఒకరు అడిగారు, అడగడం తప్పు కాదు. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చిన ఒక సభ్యుడు జవాబు చెప్పాడు, వాళ్ళ దగ్గర మిలిటరీ మాధవరం ఉంది, ఆ ఊరి కుర్రాళ్ళు రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళారు, అదీ బ్రిటిష్ వాళ్ళ తరఫున, అంటే హంగరీకి ఎదుటి పక్షం. అయినా ఇంటి దగ్గర ఎదురుచూసిన అమ్మకి ఏ పక్షమైతే ఏంటి అన్నాడు. ఆ తర్వాత వెళ్దామని చెయ్యెత్తనివాళ్ళు లేరు.

వచ్చే ఏడు మే 25 ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం. పూలచక్రం ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. పేర్లు సరిగ్గా పలకడం నేర్చుకుని ఒక్కొక్కటీ పైకి చదవాలని ఉంది, హంగేరియన్ బాగా వచ్చిన స్టూడెంట్స్ ఎవరైనా ఇద్దరు ఏప్రిల్‌లోపు సెక్రటరీకి చెప్పండి.