ఒకే గుక్కలో నాలుగు మాత్రలు

ప్రొద్దుటూరు,
ఆదివారం

అమ్మణ్ణీ,

నిన్న వీడియో కాల్‌లో మాట్లాడుతూనే అరచేతిలో నాలుగు మాత్రలు పోసుకుని కాఫీతో ఒకే గుక్కలో మింగేశావు. ముప్పై ఏండ్లు మందులషాపు కౌంటర్ వెనక నిలబడినవాణ్ణి, నాకు రంగు చూస్తే చాలు. థైరాయిడ్‌ది, ఐరన్, క్యాల్షియం, గ్యాస్‌ది. మీ అమ్మ పక్కనే ఉందని ఏమీ అనలేదు. అంటే ఆమెకు రాత్రంతా నిద్ర ఉండదు.

వాటిలో ఏదీ చెడ్డది కాదు, కలిపి మింగడమే తప్పు. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకోవాలి. గంట దాకా కాఫీ కూడా వద్దు. ఐరన్, క్యాల్షియం దానికి నాలుగు గంటల ఎడంలో ఉండాలి, లేకపోతే ఆ మందును కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. పోయిన నెల డాక్టరమ్మ డోసు పెంచిందన్నావు. కడుపుతో ఉన్నప్పుడు డోసు పెరగడం మామూలే, కానీ ఇట్ల మింగుతున్నానని ఆమెకు చెప్పావా?

ఐరన్‌కూ క్యాల్షియంకూ మధ్య కూడా రెండు గంటలైనా ఉండాలి. గ్యాస్ మాత్ర, టీ, కాఫీ ఐరన్‌ను సరిగా పట్టనివ్వవు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే మేలు.

నీ వెనక బీరువా మీద ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్ర బిళ్లలు కూడా కనపడినాయి. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు వాడమని సర్కారు ఇచ్చేవి అవే. నీ ఐరన్ క్యాప్సూల్‌తో పాటు అవీ మింగుతున్నావా? రెండు ఐరన్‌లకు మలబద్ధకం, దానికి ఇంకో మందు, ఆ మందుకు మళ్లీ గ్యాస్ మాత్ర!

కౌంటర్లో నేను రోజూ చూసింది ఇదే. కాన్పుల డాక్టరు చీటీ ఒకటి, థైరాయిడ్ డాక్టరుది ఒకటి, పీహెచ్‌సీ బిళ్లలు, జలుబుకు మేమే ఇచ్చేది. ఎవరి చీటీ వాళ్ల మటుకు సరిగానే ఉంటుంది, అన్నీ ఒకచోట పెట్టి చూసేవాళ్లే లేరు. జ్వరం బిళ్ల, జలుబు బిళ్ల రెండూ తీసుకుపోయేవాళ్లు. చాలా జలుబు బిళ్లల్లోనూ పారాసిటమాల్ ఉంటుందని చెప్పేదెవరు?

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో మీ అమ్మకు నడుము నొప్పి. షాపు నుంచి డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్రలు తెచ్చి మూడు రోజులు నేనే వేశాను. ఖాళీ అట్ట చూసి డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. పుట్టినాక మూసుకోవాల్సిన రక్తనాళం ఒకటి బిడ్డ గుండె దగ్గర ఉంటుందనీ, ఈ మాత్రలకు అది కడుపులోనే మూసుకుపోవచ్చనీ చెప్పి దులిపేసింది. అప్పట్లో ఆఖరి మూడు నెలలే జాగ్రత్త అనేవాళ్లు. బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గొచ్చని, ఇట్లాంటి నొప్పి మాత్రలు 20 వారాల నుంచే వద్దని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. (డాక్టరు రాసిచ్చే చిన్న డోసు ఆస్పిరిన్ సంగతి వేరు.) నీకేమీ కాలేదులే. కానీ నీ ఏడుపు వినపడేదాకా కాన్పు గది బయట నేను కూర్చోలేకపోయాను.

అట్లని ఇది చదివి అన్నీ ఆపేసేవు! నెల తప్పగానే ఫిట్స్ మందు తనంతట తానే మానేసి, వారం తిరగకుండా మళ్లీ ఫిట్స్‌తో పడిపోయిన పిల్లను చూశాను.

బుధవారం తాడిపత్రి మీదుగా వచ్చే బస్సుకు అనంతపురం వస్తున్నా. బీరువా మీదివి, హ్యాండ్‌బ్యాగులోవి, మీ అత్తమ్మ ఇచ్చిన లేహ్యం డబ్బాతో సహా అన్నీ ఒక కవర్లో వేసి పెట్టు. తీసుకుపోయి డాక్టరమ్మ టేబుల్ మీద గుమ్మరిద్దాం. అమ్మ చెనిక్కాయల ఊరుబిండి పంపుతోంది. కారం తగ్గించమన్నాను, వినేలా లేదు.

మీ నాయన