ఆదివారం మన సెల్లార్‌లో కుక్కలకి రేబీస్ టీకాలు

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 7 నుంచి 9 దాకా సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన పశువుల డాక్టర్‌గారు ఉంటారు. కుక్కలు పెంచుతున్న వాళ్లందరూ తప్పకుండా తీసుకురండి. మూడు నెలలు నిండిన కుక్కపిల్లలకీ వేయించాలి. పాత టీకా కార్డు, గొలుసు మర్చిపోవద్దు. పేరు, ఫ్లాట్ నంబరు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.

"మా వాడు గడప దాటడు, వాడికెందుకు" అనకండి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా, కుక్కకైనా దాదాపు మందు లేనట్టే. ఎవరినైనా కరిచినా, గోరు గీరినా ఆ చోటు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం అద్దొద్దు.

బెజవాడ ఎండల సంగతి తెలిసిందే. రోళ్లు పగిలే ఈ ఎండలో మధ్యాహ్నం వాకింగ్ వద్దు. చెయ్యి వెనక్కి తిప్పి తారు రోడ్డు మీద ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. పొద్దున్నే, లేదా చీకటి పడ్డాక తిప్పండి.

ఉల్లిపాయ వేసిన కూరన్నం, చాక్లెట్, ద్రాక్ష, ఉడికించిన కోడి ఎముకలు ప్రేమకొద్దీ కూడా పెట్టకండి.

లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకోండి, మూడో అంతస్తు పెద్దమ్మగారు భయపడుతున్నారు. మెట్ల దగ్గర, పార్కింగ్‌లో మలవిసర్జన చేస్తే ఎత్తాల్సింది మీరే, స్వీపరమ్మ కాదు. పాత పేపరు, కవరు వెంట ఉంచుకోండి.

ఊరెళ్లేవాళ్లు కుక్కని బాల్కనీలో కట్టేసి వెళ్లొద్దు. చూసేవాళ్లు లేకపోతే నాకు చెప్పండి, ఎవరినైనా మాట్లాడదాం.

పిల్లుల టీకా గురించి అడిగినవాళ్లు విడిగా మెసేజ్ చేయండి.