పూడిక తోలే ముందు ఆ మట్టిని పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలంలో చెరువులు అడుగంటగానే మా నల్లగొండ పల్లెల్లో ట్రాక్టర్లు శిఖంలోకి, అంటే చెరువు అడుగు నేలలోకి దిగుతాయి. 2015లో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ పథకం మొదలైన నాటి నుంచి పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం రైతులకు మరింత అలవాటయింది. ఆ మట్టి పడిన చేనుకు ఎరువుల ఖర్చు తగ్గుతుందని అనుభవంతో తెలిసినదే కనుక ఆ పనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే పాత బ్యాటరీలను కరిగించి సీసం తీసే బట్టీలకు దగ్గరలో ఉన్న చెరువులలో మాత్రం, మొదటి ట్రాక్టరు దిగక ముందే ఆ పూడికను పొరలవారీగా పరీక్షించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో అటువంటి బట్టీ ఒకటి కొన్నేళ్ళు నడిచి మూతపడింది. అది రాత్రిపూట పొగ వదులుతున్నదని అప్పట్లో మేము ఫిర్యాదు చేస్తే, పరీక్షకు వచ్చినవారు రెండు బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయి, సీసం పరిమితికి లోబడే ఉన్నదని కాగితం పంపారు. ఆ కాగితం అబద్ధమని నేను అనడం లేదు. ఫ్లోరైడుతో తరతరాలుగా బాధపడిన జిల్లా కావడం వల్ల విషమనగానే మాకైనా, అధికారులకైనా ముందు బోరు నీళ్ళే గుర్తుకు వస్తాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే స్థిరపడిపోయింది. కానీ ఫ్లోరైడు భూమి లోపలి రాతి నుంచి నీటిలోకి ఊరుతుంది, బట్టీ సీసమేమో పొగగొట్టం నుంచి గాలిలోకి లేచి పై నుంచి నేల మీదికి దిగుతుంది. అలా దిగిన సీసం బంకమట్టికీ, కుళ్ళిన ఆకూ అలములకూ గట్టిగా పట్టుకుని, దున్నని నేలలో పై కొద్ది అంగుళాలలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అందువల్ల లీటరుకు 0.01 మిల్లీగ్రాముల పరిమితి దాటని బోరు నీరూ, సీసం పేరుకున్న వాకిటి మట్టీ ఒకే ఇంటిలో ఉండవచ్చు; పసిపిల్లలు చేతులు నోట్లో పెట్టుకునేది ఆ మట్టిలో ఆడుకునే. నీటి పరీక్ష ఒక్కటే చేసి కాలుష్యం లేదనడం ఈ కారణంగానే చెల్లదు.

జాడ తీయడానికి మార్గాలు లేకపోలేదు. రాతిలో సహజంగా ఉన్న సీసమైతే నేల పైనా, లోపలా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పొగతో వచ్చినదైతే పై పొరలో ఎక్కువగా ఉండి లోతుకు పోయేకొద్దీ తగ్గుతుంది, బట్టీకి దూరమయ్యేకొద్దీ కూడా తగ్గుతుంది. వానాకాలమంతా నైరుతి గాలులే కనుక బట్టీకి ఈశాన్యాన ఒక వరుస, చలికాలపు గాలుల కోసం ఎదురు దిక్కున మరొక వరుస నమూనాలు తీసుకుంటే గాలి వాటం తేలిపోతుంది. పాత బ్యాటరీ పలకలు గట్టిగా ఉండడానికి సీసంలో ఆంటిమొనీ కలిపేవారు. మామూలు మట్టిలో అత్యల్పంగా ఉండే ఆ లోహం సీసంతో పాటు పెరిగి కనిపిస్తే, అనుమానం రాయి మీది నుంచి బట్టీ మీదికి మళ్ళుతుంది.

చెరువు అడుగు ఇంకా ఎక్కువ చెబుతుంది. పశువులు తొక్కని, ఇదివరకు తవ్వని లోతట్టు చోట ఒక గొట్టాన్ని నిలువునా దించి పైకి తీసి, సెంటీమీటరు మందాన ముక్కలు కోసి ఒక్కొక్కదానిలో లోహాలను కొలుస్తారు. ఆ ముక్కల వయసు చెప్పేది కూడా సీసమే కావడం ఒక చిత్రం: గాలిలోని రాడాన్ వాయువు నుంచి పుట్టి మట్టిలో చేరే సీసం-210 అనే రేడియోధార్మిక రూపం దాదాపు 22 ఏళ్ళకు సగమవుతుంది కనుక, గత నూరేళ్ళ పొరలకు దానితో సుమారుగా తేదీలు కట్టవచ్చు. హైవే పక్క ఊళ్ళలో ఇదంతా బండ్ల పొగే అని వాదించేవారికి ఈ తేదీలే జవాబు చెబుతాయి. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది, ఆ తరువాతి పొరలలో సీసం తగ్గకపోగా పెరిగితే దానికి మరో మూలాన్ని వెతకక తప్పదు. మన గొలుసుకట్టు చెరువులు ఇక్కడ మరో విధంగా ఉపయోగపడతాయి. పొగ తగలని ఎగువ చెరువు, పొగ తగిలిన దిగువ చెరువు ఒకే వాగు మీద ఉంటాయి కనుక పోల్చి చూడడానికి వేరే జిల్లాకు పోనక్కరలేదు.

అప్పటికీ సందేహం మిగిలితే ఐసోటోపుల, అంటే ఒకే మూలకానికి ఉండే వేర్వేరు బరువుల రూపాల, నిష్పత్తి చూడాలి. సీసంలో 204, 206, 207, 208 ద్రవ్యరాశి సంఖ్యలు గల నాలుగు స్థిర రూపాలు ఉన్నాయి. వాటి పాళ్ళు గని గనికీ, రాయి రాయికీ మారుతాయి, బట్టీలో కరిగించినా చెప్పుకోదగినంతగా మారవు. భూమి వయసును సీసం ఐసోటోపులతో లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్, ప్రయోగశాలలో ఎక్కడ చూసినా అంటుకుంటున్న సీసంతో విసిగి, ఆ సీసం ఎక్కడిదని వెతకడంతోనే సీసం కలిపిన పెట్రోలుపై పోరాటానికి దిగారు. రోమన్ల కాలపు బట్టీల పొగ గ్రీన్‌లాండ్ మంచు పొరలలో నేటికీ దొరుకుతున్నది. అయితే పాత బ్యాటరీల సీసం అనేక గనుల మిశ్రమం కాబట్టి అది ఫలానా గనిదని చెప్పలేము. మనకు ఆ అవసరమూ లేదు. బట్టీ చిట్టెం, పొగగొట్టం దుమ్ము, చెరువు పై పొర ఒక నిష్పత్తికి దగ్గరగా ఉండి, లోతు పొరలూ గ్రానైటు రాయీ మరో నిష్పత్తి చూపితే, ఆ సీసం బట్టీదేనని చెప్పడానికి అంతకన్నా బలమైన ఆధారం అరుదుగా దొరుకుతుంది.

ఇదంతా విదేశాలలోనే సాధ్యమని ఎవరూ అనుకోనవసరం లేదు. హైదరాబాదు ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మాకు రెండు మూడు గంటల దూరంలో ఉన్నది. కేంద్రం 2025లో తెచ్చిన కలుషిత ప్రదేశాల నియమాలు అనుమానిత స్థలాలను గుర్తించే పనిని స్థానిక సంస్థలకూ, జిల్లా యంత్రాంగానికీ అప్పగించి, శుద్ధి ఖర్చును కాలుష్యకారకుడి నుంచే రాబట్టాలంటున్నాయి. కారకుడెవరో తేలాలంటే ఆధారం ఉండాలి, ఆ ఆధారం చెరువు అడుగున ఉన్నది. ట్రాక్టర్లు దానిని కలిపి పది పొలాలకు చల్లాక పొరలూ ఉండవు, తేదీలూ ఉండవు. తోటకూర, పాలకూర మళ్ళలో మాత్రం సీసం ఉంటుంది.

కనుక బట్టీలు నడుస్తున్నవీ, మూతపడినవీ ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా చేసి, వాటికి అయిదు కిలోమీటర్ల లోపలి చెరువులకు ఫలితం వచ్చేదాకా పూడికతీత అనుమతి ఆపాలని, ఆ ఫలితాన్ని గ్రామసభలో చదివి వినిపించాలని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా కుంటలో నీరు ఏప్రిల్ చివరికి ఇంకిపోతుంది, నమూనాలు తీయడానికి అదే అనువైన సమయం.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా