నీ ఖాతా అరువివ్వకు, బిడ్డా

హనుమకొండ

చిరంజీవి శ్రావణికి,
బాపు ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేదు. నీ గదిలో ఇంకెవరో ఉన్నట్టు వినిపించింది, ఇది నలుగురి ముందు తేల్చే సంగతి కాదు. నీ స్నేహితురాలికి తెలిసిన వాళ్లెవరో బ్యాంకు ఖాతాలు కొన్నాళ్లు వాడుకొని కమీషన్ ఇస్తారన్నావు. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, ఖాతాకు కలిపిన సిమ్ అప్పగిస్తే చాలునట. "నా ఖాతాలో ఉన్నదే మూడు వందలు, పోయేదేముంది బాపూ" అని నవ్వావు కూడా.

పోయేది నీ మూడు వందలు కాదు. ఆ ఖాతాలోకి వచ్చే డబ్బు ఎవరిదని అడిగావా?

ఎక్కడో పింఛను మీద బతికే ఒక పెద్దాయనకు వీడియో కాల్ వస్తుంది. పోలీసు దుస్తులు వేసుకున్నవాడు కనిపించి, మీ పేరున వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటాడు, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఫోను పెట్టేయవద్దంటాడు. అలాంటి అరెస్టు చట్టంలో లేనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పారు. అయినా కాళ్లు వణుకుతున్నప్పుడు అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పంపేస్తాడు. ఆ సొమ్మును దొంగ తన సొంత ఖాతాలో వేయించుకోడు. నీలాంటి పిల్లల ఖాతాలో వేయించుకుని, అక్కడి నుంచి ముక్కలు చేసి ఇంకెన్నో ఖాతాలకు మళ్లిస్తాడు. ఇలా దొంగసొమ్ము మోసే ఖాతాలను మ్యూల్ ఖాతాలంటారు. ఆ పెద్దాయన తేరుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే, దొంగ కన్నా ముందు దొరికేది ఖాతాదారు. ఖాతా ఆగిపోతుంది, ఎన్నడూ చూడని రాష్ట్రం నుంచి నోటీసు వస్తుంది. కార్డు వేరేవాళ్ల దగ్గర ఉందంటే, ఎందుకిచ్చావు, ఎంత తీసుకున్నావు అనే అడుగుతారు.

చిట్టీ ఎత్తినవాడు కట్టకుండా తిరిగితే, జమానతు సంతకం పెట్టినవాళ్ల జీతంలో కోత పడిన సంగతులు మన వాడకట్టులోనే విన్నావు. అక్కడ కనీసం ఎవరికి జమానతు ఉన్నామో తెలుసు. ఇక్కడ నీకు ఆ మనిషి ముఖం కూడా తెలియదు.

దస్తావేజులు రాసుకుని బతికే వాడిని కనుక ఇలాంటివి నాకు కొంచెం ఎక్కువ గుచ్చుకుంటాయేమో. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసి, ఆ సిరాను తల వెంట్రుకలకు తుడుచుకుంటూ బయటికి వచ్చే రైతులను రోజూ చూస్తాను. వాళ్ల దృష్టిలో పని అక్కడితో అయిపోయింది. కానీ ఆ ముద్ర కాగితం మీద ఉండిపోతుంది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను ఏం చేశాడో తెలుసా? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు తేల్చారు. అమ్మకాల టార్గెట్ కోసమట! భూమి అమ్ముకున్న మనిషికి తన పేరున ఎక్కడో సిమ్ మోగుతోందని తెలిసే దారేది?

ఇప్పుడు ఒక దారి ఉంది. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో నీ నంబరు, ఓటీపీ కొడితే నీ పేరున ఎన్ని కనెక్షన్లున్నాయో చూపిస్తుంది. నీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఈ రాత్రే చూడు.

ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఓటీపీ, పిన్ ఏదీ అడగరు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు చాలు. ఊళ్లో ముసలివాళ్లకు అది గొప్ప సౌకర్యమే, కాదనను. కానీ రబ్బరు వేలికీ అదే సౌకర్యం. అందుకని ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకో. లాక్ ఉన్నంతకాలం వేలిముద్ర పనిచేయదు, అవసరమైనప్పుడు కాసేపు తీసి వాడుకోవచ్చు.

మా ఆఫీసు ఎదుటి జిరాక్స్ షాపు కంప్యూటర్‌ను ఒకసారి చూస్తే నీకే అర్థమవుతుంది. జనం వాట్సాప్‌లో పంపిన ఆధార్‌లు, పాన్ కార్డులు, పాస్‌బుక్కు మొదటి పేజీలు డౌన్‌లోడ్స్‌లో అలాగే పడి ఉంటాయి. షాపతను మంచివాడే, తుడిచేయాలన్న ఆలోచనే లేదు, అంతే. నువ్వు ప్రింటు తీయించుకున్నప్పుడు నీ కళ్లముందే ఫైలు తీసేయించు, మొహమాటపడకు. హాస్టల్‌కు, గది అద్దెకు కాగితం ఇవ్వాలంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలదా అని ముందు అడుగు. ఇచ్చే ప్రతి మీద అడ్డంగా ఎందుకు ఇస్తున్నావో, ఏ తేదీన ఇస్తున్నావో రాసి సంతకం చెయ్యి. దానితో దొంగతనం ఆగిపోతుందని చెప్పను, ఇంకో పనికి వాడుకోవడం మాత్రం కష్టమవుతుంది.

యూపీఐ సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు. అయినా డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నవాడు ఎవడైనా దొంగే. చలానా అనో పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, దాని జోలికి పోకు.

ఇక నీ స్నేహితురాలి విషయం. ఆమెను తప్పుపట్టకు. కమీషన్ మాట చెప్పినవాళ్లు ఆమెనూ అలాగే నమ్మించి ఉంటారు. ఇప్పటికే కార్డు, సిమ్ ఇచ్చేసిందేమో అడుగు. ఇచ్చి ఉంటే వెంటనే బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించాలి, సిమ్ బ్లాక్ చేయించాలి. బ్రాంచిలో రాతపూర్వకంగా చెప్పి, రసీదు తీసుకోవాలి. ఖాతాలో తెలియని సొమ్ము పడి ఉంటే రూపాయి కూడా కదపకుండా సైబర్ క్రైమ్ పోలీసులకు తానే వెళ్లి చెప్పాలి. ఇంట్లో తెలిస్తే తిడతారని భయపడుతుంటే వాళ్ల నాన్నతో నేను మాట్లాడతాను, నంబరు పంపు.

శనివారం వస్తానన్నావు కదా, పొద్దుటి బస్సుకే రా. నానమ్మ ఆధార్‌కు కూడా ఆ లాక్ పెట్టాలి. ఆమె ఫోను నంబరు ఆధార్‌కు కలపలేదు, ముందు ఆధార్ కేంద్రంలో ఆ పని చేయించాలి. రేషన్ షాపులో వేలు పడకపోతే గొడవ అని ఆమె ఇప్పటికే సణుగుతోంది. లాక్ ఎలా తీయాలో నువ్వే దగ్గర కూర్చుని చూపించు, నేను చెబితే వినదు.

ఇట్లు,
నీ బాపు