ఈవెంట్స్‌లో పోయేది సెకన్లలోనే

సంపాదకులకు నమస్కారం.

పోలీసు నోటిఫికేషన్ వస్తుందన్న మాట చెవిన పడగానే ఊరి రోడ్ల మీద తెల్లవారుజామున పరుగులు మొదలవుతాయి. ‘ప్రాణం పెట్టి ఉరకాలి’, ‘నీలో ఉన్నదంతా చూపించాలి’ అని పెద్దలూ కోచింగ్ వాళ్లూ చెప్పి పంపుతారు. పిల్లలు అక్షరాలా అదే చేసి దెబ్బతింటున్నారు. ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, 1600 మీటర్ల పరుగుకు ఉన్నదంతా మొదటి నిమిషంన్నరలోనే చూపిస్తే మిగతా అయిదున్నర నిమిషాలకు చూపించడానికి ఏమీ ఉండదు. సత్తా ఉండి కూడా వెనక్కి వచ్చేవాళ్ల కోసం ఈ ఉత్తరం.

2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అంటే 435 సెకన్లలో ముగించాలి. 400 మీటర్ల ల్యాపులు నాలుగనుకుంటే ఒక్కోదానికి 108 సెకన్ల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో 8 నిమిషాలు కాబట్టి ల్యాపుకు సరిగ్గా 120. విజిల్ పడగానే గుంపుతో పాటు దూకిన కుర్రాడి పరుగు ఎలా సాగుతుందో చూడండి. మొదటి ల్యాపు 80 సెకన్లు, రెండోది 105. మూడో ల్యాపుకు కాళ్లు బరువెక్కి, డొక్కలో పట్టేసి 130కి పడిపోతుంది. నాలుగోది పళ్లు బిగబట్టినా 125. మొత్తం 440. అయిదు సెకన్లతో ఉద్యోగం పోయినట్టే. ఇదే కుర్రాడు 106, 107, 108, 104 చొప్పున వెళ్తే 425కే గీత దాటతాడు. 435 లెక్కన చూస్తే, మొదటి పరుగులో ముందు రెండు ల్యాపుల్లో మిగిల్చిన 32 సెకన్లకు తర్వాతి రెండింటిలో 37 కట్టాల్సి వచ్చింది, అంతే తేడా.

కారణం మనోధైర్యం లోపించడం కాదు. ఊపిరితిత్తులూ గుండే ఆక్సిజన్ అందించగలిగే వేగాన్ని దాటితే కండరాలు అది చాలకుండానే శక్తిని తయారుచేసుకోవాలి. ఆ పద్ధతి నిమిషం, నిమిషంన్నర సాగుతుంది. తర్వాత వేగం దానంతటదే పడిపోతుంది, ఎంత అరిచి ప్రోత్సహించినా లేవదు. అందుకే సాధనలో 200 మీటర్ల దగ్గర ఒకరిని నిలబెట్టి టైమ్ చెప్పించుకోవాలి. తెలంగాణ లెక్కకైతే అక్కడ 53, 54 సెకన్లు వినపడాలి. 42 అని వినపడితే ఆ రోజు సాధన వృథా, ఆగి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. పరీక్ష రోజు చేతికి వాచీ ఉండకపోవచ్చు. ఆ వేగం కాళ్లకే తెలిసిపోవాలి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. ప్రామాణిక ట్రాక్ మీద ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. మొదటి లేన్ వదిలి రెండో లేన్‌లో ఒక చుట్టు తిరిగితే ఏడు మీటర్లకు పైగా అదనంగా పరిగెత్తినట్టు. నాలుగు ల్యాపులూ అలాగే తిరిగితే 28 మీటర్లకు పైగా, అంటే దాదాపు ఎనిమిది సెకన్లు. మలుపులో పక్కవాణ్ని దాటాలని బయటికి రావడం శుద్ధ దండగ. దాటేదేదైనా నిటారు భాగంలోనే దాటాలి.

రోజూ పొద్దున 1600 మీటర్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని పరిగెత్తడమే ప్రాక్టీస్ అనుకోవడం మరో పొరపాటు. అది రోజూ పరీక్ష రాయడం లాంటిది, చదువు జరగదు. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు, పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగినంత నెమ్మదిగా, 20 నిమిషాలతో మొదలుపెట్టి 35 నిమిషాల దాకా పెంచాలి. అయిదో వారం నుంచి అందులో రెండు రోజులు మార్చుకోవాలి. ఒక రోజు 400 మీటర్లు నాలుగైదు సార్లు, ఒక్కోటి 100 నుంచి 104 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. ఇంకో రోజు 200 మీటర్లు ఎనిమిది సార్లు, 48 సెకన్ల చొప్పున. పూర్తి 1600 టైమ్ పెట్టి చూసుకోవడం పది రోజులకు ఒకసారి చాలు. ప్రిలిమ్స్ (మొదటి రాత పరీక్ష) ఫలితాలు వచ్చాక లేస్తే ఇదంతా కుదరదు. గుండె, కండరాలు కొన్ని వారాల్లో దారికొస్తాయి గానీ ఎముకలకు అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. తారు రోడ్డు మీద ఒక్కసారిగా దూరం పెంచినవాళ్లకు మోకాలి కింద ముందువైపు ఎముక పొడవునా నొప్పి వచ్చేది ఇందువల్లే. నొప్పి పొడవుగా ఉంటే మట్టి నేల మీదికి మారి, దూరం సగానికి తగ్గించాలి. వేలితో నొక్కితే ఒక్కచోటే ప్రాణం పోయినట్టుంటే ఎముకకు సన్నని చీలిక వచ్చి ఉండొచ్చు. అది మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. పరుగు ఆపి డాక్టరుకు చూపించాల్సిందే.

నొప్పి మాత్ర వేసుకుని, ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్ చేయించుకుని ఎండలో పరిగెత్తేవాళ్లకు ఒక్కమాట. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ రకం మాత్రలు కిడ్నీల మీద పడతాయి. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా ఎవరైనా చనిపోయి ఉన్నా ముందు ఈసీజీ, టూడీ ఎకో అనే గుండె పరీక్షలు చేయించుకున్నాకే గ్రౌండ్‌కు రావాలి.

అమ్మాయిలకు తెలంగాణలో 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లు. ఈ సమయాలు అందనివేమీ కావు. నెలన్నర సాధన చేసినా ఒక్క సెకను కూడా తగ్గని అమ్మాయిని బద్ధకమని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినట్టు వాడాలి. వాటిని టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టవు.

పరుగు గట్టెక్కి లాంగ్‌జంప్‌లో పోయేవాళ్లను చూస్తే మరీ బాధ. తెలంగాణలో పురుషులకు 4 మీటర్లు, మహిళలకు రెండున్నర. కొలత, దూకేటప్పుడు కాలు మోపే పలకకు ఇసుక వైపున్న అంచు నుంచి, ఇసుకలో మనకు దగ్గరగా పడిన గుర్తు దాకా. నాలుగు మీటర్ల ఇరవై దూకగలిగినవాడు పలకకు 30 సెంటీమీటర్ల ముందే లేస్తే 3.90 అని రాస్తారు. కాళ్లు దూరంగా పడినా చేతులు వెనక్కి ఆనిస్తే చేతి గుర్తునే కొలుస్తారు. దీనికి మందు ఒక్కటే. పలక మీద నిలబడి వెనక్కి తిరిగి, 12 లేదా 14 అంగలు మామూలుగా పరిగెత్తి, చివరి అడుగు పడినచోట గుర్తు పెట్టుకోవాలి. అక్కడి నుంచి పదిసార్లు వచ్చి చూసుకుంటూ ఆ గుర్తును బెత్తెడు అటూ ఇటూ సర్దుకోవాలి. ఆ దూరాన్ని తమ పాదాలతో కొలిచి రాసుకుంటే ఏ గ్రౌండ్‌లోనైనా పనికొస్తుంది. పలక దగ్గరకు రాగానే చిన్న చిన్న అడుగులు వేశారంటే గుర్తు తప్పినట్టే. ఇచ్చే మూడు అవకాశాల్లో మొదటిది మాత్రం పలకకు జానెడు వెనక నుంచి, ఫౌల్ కాకుండా దూకడం తెలివైన పని.

షాట్‌పుట్ గురించి ఎక్కువ అవసరం లేదు. పురుషులకిచ్చే 7.26 కిలోల గుండును అరచేతిలో కాక వేళ్ల మొదళ్ల మీద నిలిపి, మెడకు ఆనించి, మోకాళ్లు వంచి కాళ్లతో నెట్టాలి. క్రికెట్ బంతిలా విసిరితే ఫౌల్, పైగా మోచేయి పోతుంది. తోశాక సర్కిల్ వెనక సగం నుంచే బయటికి రావాలి.

ఇక మా విజ్ఞప్తి. పిల్లలు హైవే పక్కన, లారీల మధ్య పరిగెడుతున్నారు. 1600 మీటర్లు ఎంతో తెలియక బైకు మీటరు చూసి కొలుచుకుంటున్నారు. వంద మీటర్లు అటూ ఇటూ అయితే పైన చెప్పిన లెక్కలన్నీ తలకిందులే. హైస్కూలు మైదానంలో పొడవాటి ఎకరం జాగా ఉంటే 200 మీటర్ల ట్రాక్ పడుతుంది. 40 మీటర్ల పొడవు, 37.80 మీటర్ల వెడల్పుతో నాలుగు మేకులు కొట్టాలి. రెండు కర్ణాలూ 55.03 మీటర్లు వస్తే మూలమట్టం కుదిరినట్టు. రెండు వెడల్పుల మధ్యలో ఒక్కో మేకు కొట్టి, దానికి తాడు కట్టి 18.90 మీటర్ల వ్యాసార్థంతో రెండు చివరలా అర్ధవృత్తాలు గీసి సున్నం పోయాలి. ఆ గీతకు జానెడు బయట పరిగెత్తితే చుట్టు 200 మీటర్లు, ఎనిమిది చుట్లకు 1600. ఒక టేపు, ఒక తాడు, ఆరు మేకులు, ఒక బస్తా సున్నం, ఇద్దరు మనుషులు ఉంటే ఒక పూటలో అయిపోయే పని. ప్రధానోపాధ్యాయులు ఉదయం 5 నుంచి 7.30 దాకా గేటు తీసి ఉంచేందుకు, లాంగ్‌జంప్ గుంతలో ఇసుక నింపేందుకు, ఒక లైటు వేయించేందుకు విద్యాశాఖ, పంచాయతీ అధికారులు కలిసి ఒక ఉత్తర్వు ఇవ్వాలి.

పత్రికలవారికి కూడా ఒక మాట. మీ చదువు పేజీలో రోజూ బిట్లు వేస్తున్నారు. నోటిఫికేషన్ వచ్చిన వారం అందులో ఒక మూల 200, 400, 800, 1200 మీటర్ల దగ్గర ఎన్ని సెకన్లు ఉండాలో రెండు రాష్ట్రాలకూ చిన్న పట్టిక వేయండి. కత్తిరించి జేబులో పెట్టుకుంటారు.

– ప్రభుత్వ ఉన్నత పాఠశాలల వ్యాయామ ఉపాధ్యాయులు కొందరు,
నల్గొండ జిల్లా